జావా పల్లె విహారంలో స్లామెతాన్, సెలాపన్, గమెలాన్: దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న: సెమరాంగ్_తెలుగు

మధ్య జావాలో తెమంగుంగ్ జిల్లా, కలోరాన్ వైపు ఒక పల్లె. అక్కడి విహార కమిటీకి ఏడాది కార్యక్రమాల పట్టిక రాసిపెట్టాలి. బౌద్ధుల ఇళ్లు 30, అందరూ జావా రైతులే. మిగతా ఊరంతా ముస్లింలు, నాలుగైదు క్రైస్తవ ఇళ్లు ఉన్నాయి. విహారం థేరవాదానిది, అంటే పాళీ గ్రంథాల బౌద్ధ శాఖది. భంతే (బౌద్ధ భిక్షువు) నెలకోసారి వస్తే గొప్ప. మామూలు పూజలన్నీ ఊళ్లో రోమో అని పిలిచే గృహస్థ పండితుడే నడిపిస్తాడు.

ఆదివారం పూజకు పెద్దవాళ్లు తప్ప ఎవరూ రావడం లేదు. కుర్రాళ్లు సెమరాంగ్, జకార్తా వెళ్లిపోతున్నారు. 1974 వివాహ చట్టం ప్రకారం పెళ్లి ఏదో ఒక మత పద్ధతిలోనే జరగాలి కనుక, పెళ్లితోపాటే మతం మారిపోవడం కూడా మామూలైంది. ఊరి సంస్కృతిని విహారంలోకి తెస్తే జనం నిలబడతారని కమిటీ ఆశ. చేతిలో ఉన్న డబ్బుతో గమెలాన్ (జావా లోహవాద్య బృందం) సెట్టు కొని, వైశాఖికి, అంటే బుద్ధ పూర్ణిమకు, రాత్రంతా వాయాంగ్ (తోలుబొమ్మలాట) పెట్టిద్దామంటున్నారు.

నా సందేహాలు: అసలు మొదలు అక్కడి నుంచేనా? స్లామెతాన్‌ను, అంటే పక్కింటి ముస్లింలు కూడా కూర్చునే ఊరుమ్మడి శుభకోరిక విందును, బౌద్ధ పద్ధతిలో ఎలా నడపాలి? గమెలాన్ కొంటే ఏం చూసుకోవాలి? చేసి చూసినవాళ్లు వివరంగా రాయండి.

---

జవాబు 1: పసారన్_పట్టిక

గమెలాన్ చివరికి పెట్టుకోండి. ముందు ఊరి పంచాంగం పట్టుకోండి, దానికి పైసా ఖర్చు లేదు.

జావాలో ఏడు రోజుల వారంతోపాటు అయిదు రోజుల సంతవారం కూడా నడుస్తుంది, ఆ రోజులను పసారన్ అంటారు: లెగి, పాహింగ్, పోన్, వాగే, క్లివోన్. ఒక వారమూ (ఆది, సోమ లాంటి రోజు) ఒక పసారనూ కలిసిన జంట మళ్లీ రావడానికి 35 రోజులు. అదే సెలాపన్. ఊళ్లో సమావేశాలు, చీటీలు, మహిళా సంఘం, అన్నీ దీని మీదే నడుస్తాయి. విహారం మాత్రం ఇంగ్లీషు నెలలో 'రెండో ఆదివారం' అని పెట్టుకుంటే అది ఎవరికీ గుర్తుండదు. విహారంలో బౌద్ధులంతా కలిసే పూజను సెలాపన్‌కు ఒకసారి పెట్టండి, ఏడాదికి పదో పదకొండో వస్తాయి.

దీని కన్నా ముఖ్యమైనది అంజంగ్‌సానా, అంటే వంతుల వారీగా ఇళ్లలో చేసుకునే పూజ. 30 ఇళ్లనూ ఒకే వరసలో వారానికొకటి చొప్పున పెడితే ఒక ఇంటికి వంతు రావడానికి ఏడు నెలలు పడుతుంది. ఈలోగా ఆ ఇంటివాళ్లు అలవాటే మరిచిపోతారు. 15 ఇళ్ల చొప్పున రెండు వరసలు చేయండి. 15 వారాలంటే 105 రోజులు, సరిగ్గా మూడు సెలాపన్లు. అంటే ప్రతి ఇంటికీ వంతు ఎప్పుడూ ఒకే వారం, ఒకే పసారన్ మీద పడుతుంది. 'మా ఇంట్లో బుధవారం పోన్' అని ముసలమ్మ కూడా నోటిలెక్కన చెప్పేస్తుంది, పట్టిక చూడక్కర్లేదు. వరసలో ఇళ్ల సంఖ్య అయిదుతో భాగించబడితేనే ఈ లెక్క కుదురుతుంది. 14 ఇళ్లో, 16 ఇళ్లో అయితే పసారన్ ప్రతిసారీ జారిపోతుంది. ఒక ఇల్లు తక్కువైతే ఆ వంతును విహారానికే రాయండి.

ఇక్కడ రెండు చిక్కులు. జావా లెక్కలో రోజు పొద్దుగూకగానే మొదలవుతుంది. బుధవారం పోన్ పూజ అంటే మంగళవారం రాత్రి. ఊళ్లో పుట్టిపెరిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు గానీ, పట్నం నుంచి వచ్చినవాళ్లు, బయటి ఊరి భంతే ఒక రోజు ఆలస్యంగా దిగుతారు. పట్టికలో రెండూ రాయండి: 'బుధవారం పోన్, మంగళవారం రాత్రి 7.30'. రెండోది, గురువారం రాత్రి పెట్టకండి. ఆ రాత్రి ముస్లింల ఇళ్లలో యాసినాన్, అంటే ఖురాన్‌లోని యాసీన్ పఠనం, ఉంటుంది. సందు చివర మోటార్ సైకిళ్లకు చోటు ఉండదు, పైగా పోటీ పెట్టినట్టు కనిపిస్తుంది.

ఇంటి పూజ ముక్కాలు గంట దాటకూడదు. నమకార గాథ (వందనం), తిసరణ (త్రిశరణం), పంచశీల, మూడు అనుస్సతులు (బుద్ధ, ధమ్మ, సంఘ స్మరణలు), పది నిమిషాల ధ్యానం, పది నిమిషాల ధమ్మ ప్రసంగం, చివర పుణ్యం పంచే ఎత్తావతా. తర్వాత టీ. అంజంగ్‌సానాను పాడు చేసేది ఆ టీ దగ్గర మొదలయ్యే పోటీయే. ఒక ఇంట్లో ఉడికించిన వేరుశెనగలు పెడితే, తర్వాతి ఇంట్లో చిరుతిళ్ల డబ్బాలు, ఆ తర్వాతి ఇంట్లో భోజనం. నాలుగో వంతు వచ్చేసరికి పేదింటివాళ్లు 'ఒంట్లో బాగాలేదు' అని కబురు పంపుతారు. టీ, ఇంట్లో పండినవి రెండు రకాలు, అంతకు మించి వద్దని మొదటి సమావేశంలోనే తీర్మానం రాయించండి.

చావు దినాలు కూడా విహారం చేతిలోకి తీసుకోవాలి. జావా ఇంట్లో మూడో రోజు, ఏడో రోజు, నలభై, వంద, ఏడాది, రెండేళ్లు, వెయ్యో రోజు జరిపి తీరతారు, ఏ మతమైనా సరే. పోయినవాళ్లకు పుణ్యం పంచే పట్టిదానానికి ఇంతకన్నా సహజమైన చోటు ఇంకోటి లేదు. రోమో ఆ లెక్క తప్పు చెప్పాడంటే మాత్రం పెద్దవాళ్లు ఇంకెప్పుడూ ఆయన్ని అడగరు. లెక్క ఇది (పోయిన రోజే ఒకటో రోజు, ఆ వారాన్నీ పసారన్‌నూ కలుపుకునే లెక్కించాలి; 'మూడో వారం' అంటే శుక్రవారం నుంచి ఆదివారం లాగా మూడోదని):

మూడో రోజు: మూడో వారం, మూడో పసారన్
ఏడో రోజు: ఏడో వారం, రెండో పసారన్
నలభయ్యో రోజు: అయిదో వారం, అయిదో పసారన్
వందో రోజు: రెండో వారం, అయిదో పసారన్
వెయ్యో రోజు: ఆరో వారం, అయిదో పసారన్

ఉదాహరణకు శుక్రవారం క్లివోన్ నాడు పోతే, మూడో రోజు ఆదివారం పాహింగ్, ఏడో రోజు గురువారం లెగి, నలభయ్యోది మంగళవారం వాగే, వందోది శనివారం వాగే, వెయ్యోది బుధవారం వాగే. పూజ జరిగేది ఆ ముందు రాత్రి. పొద్దుగూకాక పోయినవాళ్లను మరుసటి రోజు కిందే లెక్కేస్తారు, ఎక్కువ తప్పులు ఇక్కడే. ఏడాది, రెండేళ్ల దినాలకు మాత్రం జావా చాంద్రమాన తేదీ చూడాలి. ఆ సంవత్సరం 354 లేదా 355 రోజులే. ఇంగ్లీషు తేదీ పట్టుకుంటే పది పదకొండు రోజులు తేడా వస్తుంది. దహనం లేదా ఖననం అయిన సాయంత్రమే రోమో ఈ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి ఇంటివాళ్లకిస్తే, మూడేళ్లపాటు ఆ ఇల్లు విహారంతో ముడిపడి ఉన్నట్టే. పట్నంలో ఉన్న కొడుకు కూడా ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని సెలవు పెట్టుకుంటాడు.

---

జవాబు 2: రేవాంగ్_వంటిల్లు

పై జవాబుతో ఏకీభవిస్తూ స్లామెతాన్ సంగతి చెబుతాను. మా వైపు కెందురి అనడమే ఎక్కువ.

పిలుపు. వాట్సాప్ గ్రూపులో పెడితే పెద్దవాళ్ల దృష్టిలో అది పిలుపే కాదు. ఇద్దరు కుర్రాళ్లు ఇంటింటికీ వెళ్లి మర్యాద భాషలో, అంటే క్రమలో, చెప్పిరావాలి. ఆ నాలుగు వాక్యాలు కుర్రాళ్లకు రాకపోతే కాగితం మీద రాసి కంఠస్థం చేయించండి. ఈ కాలం పిల్లలకు న్గోకో, అంటే చనువు భాష, తప్ప రాదు. పెద్దాయన ముందు న్గోకోలో పిలిచి తిట్లు తిన్న పిల్లాడు మళ్లీ ఆ పనికి రాడు.

క్రమం. చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. ఇంటివారి తరఫున ఒక పెద్ద స్వాగతం చెప్పి ఉజుబ్ చదువుతాడు: ఎవరి కోసం, ఏ రోజు, ఎందుకు ఈ అన్నం పెడుతున్నారో చెప్పే ప్రకటన. ఇది జావా భాషలోనే ఉండాలి, ఇందులో ఏ మతం మాటా రానక్కర్లేదు. ముస్లిం, క్రైస్తవ, బౌద్ధ ఇళ్లన్నిటికీ ఉమ్మడిగా ఉండేది ఇదే. ఆ తర్వాత రోమో 'ఇప్పుడు మా పద్ధతిలో చదువుతాం, మిగతావారు మీ మీ పద్ధతిలో మౌనంగా కోరుకోండి' అని చెప్పి పాళీ మొదలుపెట్టాలి. ఏడు నిమిషాలు, అంతే. తర్వాత ఒక నిమిషం మౌనం. ఇంటివారు కోరితే ఆ తర్వాత ముస్లిం పెద్ద ఒకరు దుఆ చేయొచ్చు, కానీ అది ముందు రోజే మాట్లాడుకోవాలి. చాప మీద కూర్చున్నాక అడిగితే ఇద్దరికీ ఇబ్బంది.

చేయకూడనివి రెండున్నాయి. అందరి చేతా 'సాధు' అనిపించకండి. కెందురిలో ధమ్మ ప్రసంగం పెట్టకండి, దానికి అంజంగ్‌సానా ఉంది. ఈ రెండూ చేస్తే పక్కింటివాళ్లు ఏమీ అనరు, నవ్వుతూనే వెళ్తారు. వచ్చేసారి మాత్రం పెద్దాయన బదులు పిల్లాణ్ని పంపుతారు.

వంట. నడుమ పెట్టే తుంపెంగ్‌కు (శంకువు ఆకారపు అన్నం) 2 కిలోల బియ్యం. అక్కడే తినేవాళ్లకు మనిషికి 100 గ్రాముల బియ్యం, ఇంటికి పంపే బెర్కాత్‌కు పెట్టెకు 200 గ్రాముల లెక్క వేసుకోండి. పసుపన్నానికి కిలో బియ్యానికి లీటరుంపావు పలుచని కొబ్బరిపాలు, బొటనవేలంత పచ్చి పసుపు దంచి తీసిన రసం, రెండు నిమ్మగడ్డి కాడలు, మూడు సలాం ఆకులు (బిర్యానీ ఆకులాంటివి), ఉప్పు. కొబ్బరిపాలన్నీ బియ్యం పీల్చుకునేదాకా ఉడికించి, ఆపైన వెదురు ఆవిరిబుట్టలో అరగంట పైన ఆవిరి పట్టాలి. శంకువు అచ్చుకు నూనె రాసిన అరటాకు పరిచి, అన్నం పొగలు కక్కుతుండగానే కొంచెం కొంచెంగా అదిమి నింపాలి. చల్లారిన అన్నంతో చేసిన శంకువు బోర్లించగానే నడుముకు విరుగుతుంది. పది నిమిషాలు ఆగి బోర్లించండి.

పాడయ్యేది అన్నం కన్నా ముందు ఉరాప్, అంటే ఉడికించిన ఆకుకూరల మీద కలిపే మసాలా కొబ్బరికోరు. కోరును మసాలాతో కలిపాక 15, 20 నిమిషాలు ఆవిరి పట్టాల్సిందే. ఈ ఒక్క మెట్టు దాటేస్తే మధ్యాహ్నం చేసింది రాత్రికి పులుస్తుంది. బెర్కాత్ పెట్టెలకు వేడి మీద మూత పెట్టకండి, లోపల ఆవిరి నీరుకట్టి కొబ్బరిపాల అన్నం జిగురుపడుతుంది. వెదురు బెసెక్ (అల్లిన పెట్టె) అయితే గాలాడుతుంది కనుక ఈ తిప్పలు తక్కువ. ప్లాస్టిక్ డబ్బాలతోనే అసలు గొడవ.

ఇంగ్కుంగ్, అంటే వండి పెట్టే నిండు కోడి, దీని గురించి కమిటీలో తప్పక వాదన వస్తుంది. ప్రాణిని చంపరాదన్న మొదటి శీలం ఒకవైపు, హలాల్ ఇంకోవైపు. ఉడికించిన గుడ్లు, తెంపే (పులియబెట్టిన సోయా), బెల్లంతో ఉడికించి వేయించిన తోఫు పెడితే రెండు చిక్కులూ ఒకేసారి పోతాయి. వీధి ఉమ్మడి గిన్నెల్లో పంది మాంసం ఎప్పుడూ వండకూడదు, ఆ గిన్నెలు రేపు ముస్లిం ఇంటి పెళ్లికి వెళ్తాయి. ఒక్కసారి అనుమానం పుడితే ఉమ్మడి సామాను రెండుగా చీలుతుంది, దాంతోపాటు ఊరూ.

భంతే ఉన్న రోజు సంగతి వేరు. థేరవాద భిక్షువులు మధ్యాహ్నం దాటాక భోజనం చేయరు, కెందురి జరిగేది రాత్రి. అందుకని భంతేకు దానం ఉదయం 11 లోపు విహారంలో, అదే ఇంటివారి కెందురి రాత్రి ఇంట్లో. రెండూ కలిపి రాత్రి పెడితే భంతే ముందు అందరూ తింటుంటే ఆయన ఊరికే కూర్చోవాలి.

ఇక కుర్రాళ్లు. పూజకు రమ్మంటే రారు, సినోమాన్‌కు పిలిస్తే వస్తారు. టీ తట్టలు వంటింటి నుంచి చేతి మీద చేతి మీద అందించుకుంటూ పందిరి దాకా చేర్చే కుర్రాళ్ల వరస అది. పదిమంది వరసలో ఒక్కడు లేకపోతే తట్ట ఆగిపోతుంది కనుక ఎవరు రాలేదో ఊరందరికీ తెలుస్తుంది. విహారం సినోమాన్‌కు సొంత పేరు, సొంత లూరిక్ (చారల నేత) చొక్కా పెట్టి, ముస్లిం ఇంటి పెళ్లికి కూడా పంపండి. జకార్తాలో ఉన్నవాళ్లను వైశాఖికి రమ్మని బలవంతపెట్టకండి. వైశాఖి 1983 నుంచి జాతీయ సెలవే అయినా ఒక్క రోజు కోసం అంత దూరం ఎవరొస్తారు? లెబరాన్‌కు (రంజాన్ పండుగ) అందరూ ఎలాగూ ఊరొస్తారు. యువజనుల పెద్ద సమావేశం లెబరాన్ రెండో రోజో మూడో రోజో పెట్టండి.

---

సెమరాంగ్_తెలుగు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. 105 రోజుల లెక్క కమిటీ ముందు పెడతాను. గమెలాన్ మీద ఇంకెవరైనా? ఇనుప సెట్టు చూసి వచ్చారు, అడ్వాన్సు ఇవ్వబోతున్నారు.

---

జవాబు 3: బాలుంగన్_16

అడ్వాన్సు ఇచ్చే ముందు ఇవి చూసుకోండి.

గమెలాన్‌లో రెండు శ్రుతి వ్యవస్థలు ఉంటాయి. స్లెంద్రోకు అయిదు స్వరాలు, పెలోగ్‌కు ఏడు. పూర్తి సెట్టంటే రెండూ, అంటే దాదాపు రెండింతల సామాను. మీకు మొదట స్లెంద్రో ఒక్కటే చాలు. ఏ సెట్టు శ్రుతి దానిదే, అన్నిటికీ ఒకే కొలత లేదు. 'పక్క ఊళ్లో ఒక సారోన్ (లోహపు పలకల వాద్యం) ఊరికే ఇస్తామన్నారు' అని తెచ్చి కలిపితే ఆ ఒక్కటీ జీవితాంతం అపస్వరం పలుకుతుంది. ఒకే చోట, ఒకే చేతితో శ్రుతి చేసినవి మాత్రమే కొనండి.

కంచు బాగా పలుకుతుంది, ఖరీదూ అంతే. ఇనుప సెట్టు పల్లెకు తప్పు కాదు, కానీ కొండ ప్రాంతపు తేమకు తుప్పు పడుతుంది, తుప్పుతో పలక బరువు మారి శ్రుతి జారుతుంది. సిమెంటు నేల మీద నేరుగా పెట్టకండి, చెక్క పీటల మీద ఉంచి వాయించాక పొడి గుడ్డతో తుడిపించండి. శ్రుతి జారితే ఊళ్లో ఎవరూ ఆకురాయి పట్టకూడదు. పలక చివర్లు అరగదీస్తే స్వరం పైకి, నడుమ అరగదీస్తే కిందికి పోతుంది. తెలియక నాలుగు చోట్లా గీకితే పలక పోయినట్టే.

కనీసం వాయించేవాళ్లు 11 మంది: దెముంగ్ 1, సారోన్ 2, పెకింగ్ 1, స్లెంతెం 1, బోనాంగ్ రెండు రకాలకు ఇద్దరు, కెనోంగ్ 1, కెతుక్ 1 (పీఠం మీద పెట్టే గంటలు), కెంపుల్, గోంగ్ (వేలాడే గంటలు) కలిపి 1, కెందాంగ్ (డోలు) 1. ఆదివారం పూజకే జనం లేనిచోట 11 మందిని ప్రతివారం ఎక్కడి నుంచి తెస్తారు? దారి ఒక్కటే, గమెలాన్‌ను విహారం వాళ్లకే పరిమితం చేయకండి. ముస్లిం కుర్రాళ్లనూ కూర్చోబెట్టండి. విహారం పందిరిలో పెట్టి, ధమ్మసాల (పూజా మందిరం) లోపల పెట్టకుండా ఉంటే వాళ్లు మొహమాటం లేకుండా వస్తారు. సాధన మగ్రిబ్, ఇషా నమాజుల మధ్య వద్దు, రంజాన్ నెలంతా ఆపేయండి.

మొదటి పాఠం లాన్చారన్ అనే చిన్న తాళరూపం. 16 దెబ్బలకు ఒక గోంగ్. 4, 8, 12, 16 మీద కెనోంగ్, 6, 10, 14 మీద కెంపుల్. రెండో దెబ్బ దగ్గర కెంపుల్ ఉండదు, అక్కడ ఖాళీ. కొత్తవాళ్లందరూ అక్కడే కొట్టేస్తారు. స్వరాలు అంకెల్లో రాస్తారు కనుక బడి చదువు చాలు. సారోన్ వాళ్లు తప్పేది స్వరం దగ్గర కాదు, ఆపడం దగ్గర: కుడిచేత్తో కొత్త పలక కొట్టిన క్షణంలోనే ఎడమచేత్తో పాత పలకను పట్టుకుని మోగకుండా ఆపాలి. ముందే పట్టుకుంటే ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది, పట్టుకోకపోతే స్వరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి హోరు. మొదటి నెల ఈ ఒక్క పనే చేయించండి. వాద్యాల మీదుగా ఎవరూ దాటి నడవకూడదు, పిల్లలకు మొదటి రోజే చెప్పండి. దాటడం చూస్తే పెద్దవాళ్లు మనసులో పెట్టుకుంటారు.

పాళీ పఠనానికి తోడుగా గమెలాన్ వద్దు. పరిత్త (రక్షణ కోసం చదివే పాళీ పాఠం) అక్షరాల హ్రస్వదీర్ఘాల మీద నడుస్తుంది, గమెలాన్ సమానమైన దెబ్బల మీద. రెండూ కలిపితే దీర్ఘాలన్నీ దెబ్బకు లొంగి కురచవుతాయి. జనం వచ్చి కూర్చునేటప్పుడు, ఊరేగింపులో, పూజ అయ్యాక వాయించండి. కీబోర్డు మీద కట్టిన బౌద్ధ గీతాలు కూడా స్లెంద్రోలో కూర్చోవు. ఎంత ప్రయత్నించినా గాయకులు ఒకటి, సారోన్ ఒకటి పలుకుతారు.

అందుకే పాట కొత్తగా రాసుకోవాలి, దానికి మాచాపాత్ ఉంది, అంటే పాడుకునే జావా పద్యం. గమెలాన్ లేకపోయినా పాడొచ్చు కనుక నిజానికి ఇదే ముందు మొదలుపెట్టాలి. మన పద్యంలా గణాలు, యతిప్రాసలు ఉండవు. పాదాల సంఖ్య, ఒక్కో పాదంలో అక్షరాల సంఖ్య, పాదం చివరి అచ్చు, ఈ మూడే నియమాలు. ధమ్మపద గాథలకు కినంతి అనే ఛందం బాగా ఒదుగుతుంది: ఆరు పాదాలు, అన్నీ 8 అక్షరాలే, చివరి అచ్చులు వరసగా ఉ, ఇ, అ, ఇ, అ, ఇ. మామూలు పాళీ గాథ నాలుగు పాదాలు, 32 అక్షరాలు. కినంతిలో 48 ఉన్నాయి, అంటే రెండు పాదాలు మిగులు. ఆ రెంటినీ చివర ఉపదేశంతో నింపకండి, మొదట్లో పొలమో, వానో, ఊరి దృశ్యమో పెట్టి పాడేవాళ్లను లోపలికి తీసుకురండి. పాళీ మాటల్లో 'ధమ్మ', 'బుద్ధ', 'మెత్తా' 3, 5 పాదాల చివర కూర్చుంటాయి, 'సతి' 2, 4, 6 చివర. మొదటి పాదం ఉ తో ముగియాలి కనుక అక్కడ 'భిక్ఖు', 'సాధు' లాంటి మాటో, జావా మాటో వెతుక్కోవాలి. 8 అక్షరాలు 4, 4 గా విరిగితే పాడేవాళ్లకు ఊపిరి అందుతుంది. పిల్లలకైతే పొచుంగ్ అనే ఛందం ఇవ్వండి, నాలుగు పాదాలే: 12 ఉ, 6 అ, 8 ఇ, 12 అ.

వాయాంగ్ రాత్రంతా వద్దు. వైశాఖి పున్నమి ఉపోసథ (శీలవ్రత) దినం, అష్టశీలం తీసుకున్నవాళ్లు ఆటపాటలు చూడకూడదు. విహారమే వాళ్ల చేత శీలం తప్పించినట్టవుతుంది. వేరే రోజున, గంటన్నర కుదించిన ప్రదర్శన పెట్టండి. కథకు సుతసోమ మంచిది. 14వ శతాబ్దంలో జావాలోని మజపహిత్ రాజ్య కాలపు మ్పు తంతులర్ రాసిన బౌద్ధ కావ్యమే అయినా, దేశ నినాదం 'భిన్నేక తుంగ్గల్ ఇక' (భిన్నత్వంలో ఏకత్వం) అందులోదే కనుక ముస్లిం పొరుగువారూ తమదిగానే చూస్తారు.

---

జవాబు 4: సేఖియ_75

దుస్తుల గురించి ఎవరూ రాయలేదు. 'జావా దుస్తుల్లో పూజ' అని ప్రకటించే ముందు మూడు సంగతులు చూసుకోండి.

బ్లాంకోన్ (జావా మగవాళ్ల తలపాగా): భిక్షువుల 75 సేఖియ (మర్యాద) నియమాల్లో, జబ్బు లేకుండా తలపాగా చుట్టుకున్నవాడికి ధమ్మం బోధించరాదన్నది ఒకటి. కొందరు భంతేలు పట్టించుకోరు, కొందరు పట్టించుకుంటారు. పట్టించుకునే ఆయన వచ్చిన రోజు సభంతా బ్లాంకోన్లతో ఉంటే ప్రసంగం మొదలుకాదు. ప్రవేశద్వారం దగ్గర ఒక బల్ల పెట్టి అక్కడ తీసి ఉంచే ఏర్పాటు చేయండి. కెరిస్‌నూ (జావా బాకు) అక్కడే పెట్టించండి. నడుము వెనక దోపుకుని పంచాంగ నమస్కారం చేస్తే అది వెనకవాడికి తగలొచ్చు.

జరిక్ (నడుముకు చుట్టే బాతిక్ వస్త్రం): కుచ్చిళ్లు పెట్టి బిగించి కట్టిన జరిక్‌తో ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చోవడమే కష్టం, మూడుసార్లు వంగి లేవడం సాధ్యం కాదు. పూజకు వదులుగా కట్టమని, ఊరేగింపుకు బిగించమని ముందే చెప్పాలి.

పై జవాబుల్లో ఒకదానితో నాకు కొంచెం పేచీ ఉంది. అన్నిటినీ ఊరి ఆచారం మీదే వేలాడదీస్తే సెసాజెన్, అంటే ఊరిని కాపాడే ఆత్మ దన్యాంగ్‌కు పెట్టే నైవేద్యం, కూడా విహారం తలుపు తడుతుంది. పీఠం మీద పూలు, నీళ్లు, దీపం, అగరువత్తులు, పండ్లు, వీటి వరకే. దన్యాంగ్‌కు ఎవరింట్లో వాళ్లు పెట్టుకుంటే అడ్డు చెప్పక్కర్లేదు గానీ కమిటీ డబ్బు దానికి వెళ్లకూడదు. ఇంకోటి, మొదటి వందన వాక్యం. బుద్ధయాన (ఇండోనేషియాలోని ఇంకో బౌద్ధ సంప్రదాయం) విహారాల్లో సంఘ్యాంగ్ ఆది బుద్ధకు, అంటే పరమ బుద్ధుడికి, నమస్కారంతో మొదలుపెడతారు, మీ థేరవాద విహారంలో అది ఉండదు. ఉజుబ్ నమూనా ఇంకో విహారం నుంచి తెచ్చుకుంటే ఆ వాక్యం ఉందేమో చూసి మార్చండి.

---

జవాబు 5: రువాహ్_నెల

న్యాద్రాన్ ఒకటి మిగిలింది, అంటే రువాహ్ నెలలో పోయినవాళ్ల సమాధుల దగ్గర ఊరంతా కలిసి చేసేది. మీ పల్లెలో మూడు మతాలూ ఒకే శ్మశానంలో ఉంటే ఇది ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద రోజు. దీని మూలం మజపహిత్ కాలపు శ్రాద్ధంలో ఉందంటారు. 1362లో మజపహిత్ రాజు హయం వురుక్ తన అమ్మమ్మ రాజపత్నికి, ఆవిడ పోయిన పన్నెండేళ్లకు, చేసిన మహాశ్రాద్ధం అందరికీ తెలిసిన ఉదాహరణ. ఆవిడ చివరి రోజుల్లో బౌద్ధ భిక్షుణి. కాబట్టి ఇది బయటి నుంచి తెచ్చిపెట్టుకునేదేమీ కాదు.

పని రెండు భాగాలు. ముందు రోజు ఉదయం అన్ని ఇళ్ల మగవాళ్లూ కలిసి సమాధులు శుభ్రం చేస్తారు, ఎవరి మతం సమాధి ఎవరు తుడిచారని లెక్క ఉండదు. మర్నాడు ఇంటికొక తెనోంగ్, అంటే మూత ఉన్న గుండ్రటి వెదురు బుట్ట, నిండా అన్నం కూరలతో తెచ్చి చాపల మీద వరసగా పెడతారు. ఉజుబ్ ఒక్కటే, ప్రార్థనలు మతానికొకటి, ఒక్కోదానికి అయిదు నిమిషాలు. ఏది ముందన్నది ఏటేటా మార్చుకోండి, లేదా వయసులో పెద్ద అయిన పెద్దమనిషి మతం ముందు. తర్వాత తమ బుట్టలోది కాకుండా పక్కవాళ్ల బుట్టలోది తినాలి. ఆ పద్ధతి ఉన్నచోట అన్ని బుట్టల్లో అందరూ తినగలిగేది ఉండాలి, జవాబు 2లో కోడి గురించి చెప్పింది ఇక్కడ ఇంకా ముఖ్యం.

ఖర్చుకు జింపితాన్ వాడండి. రాత్రి కాపలా వాళ్లు ప్రతి ఇంటి గోడకు వేలాడే చిన్న డబ్బాలోంచి చిటికెడు బియ్యమో, 500 రూపియానో తీసుకెళ్లే పద్ధతి. 30 ఇళ్ల నుంచి రాత్రికి 15,000, ఒక సెలాపన్‌కు 5,25,000 రూపియా. సెలాపన్ పూజ రోజున ఆ లెక్క అందరి ముందూ చదివి గోడకు అంటించండి. రెండుసార్లు చదవకపోతే మూడోసారి డబ్బాలు ఖాళీగా ఉంటాయి.

తేదీ విషయం. రువాహ్ జావా చాంద్రమానంలో ఎనిమిదో నెల, రంజాన్‌కు ముందుది. ఇంగ్లీషు క్యాలెండరులో ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది. రాబోయే కొన్నేళ్లూ అది డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యే పడుతుంది, అంటే నడి వానాకాలం. తెమంగుంగ్ కొండల్లో వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పట్టుకుంటుంది కనుక శ్మశానంలో కార్యక్రమం ఉదయం 7కే మొదలుపెట్టి 10 లోపు ముగించండి. చాపల కింద పరవడానికి, తెనోంగ్‌ల మీద కప్పడానికి వేర్వేరుగా టార్పాలిన్లు చూసుకోండి. కింద పరిచినదాన్నే వాన రాగానే పైకి లాగితే బురదంతా అన్నంలో పడుతుంది.